లప్పం

బిట్రగుంటలో రైలుకట్ట పక్కన ఇల్లు.
గూడ్సు గార్డుగా రిటైరైన దావీదుగారిది.
తలుపుల చుట్టూ, కిటికీల చుట్టూ, గచ్చు అంచు వెంబడి
టేకు పట్టీలు పడాలి.
నేను పాలిష్ మస్తాన్ని.
వడ్రంగం అయితేగానీ నా గుడ్డ తడవదు.

తూర్పు గదిలో నాగలింగాచారి,
పెదాల మధ్య నాలుగు సన్నమేకులు.
మాట బయటికి రావాలంటే ముందొకటి గోడకి పోవాలి.
"మేకయితే" ఠక్
"రేపు ఊడదీసుకోవచ్చు" ఠక్
"అదే జిగురయితే" ఠక్
మిగతాది మింగేశాడు, పట్టీ అయిపోయింది.

పడమటి గదిలో మేనల్లుడు వీరేశం.
చప్పుడే లేదు.
పట్టీ వీపున జిగురు మెలికలుగా గీసి
గోడకి అదిమి, టేపు వేసి,
ఉయ్యాల్లోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు
ఒక్కొక్క వేలూ తీస్తాడు.
"చూడు మామా, ఒక్క బొక్క ఉండాదా?"

బొక్క లేకపోతే లప్పం లేదు.
లప్పం లేకపోతే నాకు పూటకూలి తగ్గిపోద్ది.
ఆ సంగతి నేనెత్తలేదు.

మధ్యాన్నం బొగ్గు గూడ్సు పోయింది,
యాభై ఎనిమిది పెట్టెలు.
తూర్పు గది గొణిగింది.
పడమటి గది ఊపిరి బిగబట్టుకుంది.
దావీదుగారు కుర్చీలోంచి అన్నాడు:
"పట్టాల మధ్య కూడా
కాస్త సందు వదుల్తారబ్బయా, ఎండకి సాగుద్దని."
చారి మీసంలో నవ్వాడు.
వీరేశం టేపు చుట్ట విసిరికొట్టాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
మూడు రోజులు వాన, నాలుగో రోజు ఉప్పుగాలి.
కొయ్య నీళ్లు తాగింది,
చెట్టుగా ఉన్నప్పటి అలవాటు.

మళ్ళీ కబురొచ్చి ముగ్గురం పోయాం.
పడమటి గదిలో పట్టీ విల్లులా వంగింది.
ఊరికే వంగలేదు,
గోడ పూతని కూడా పట్టుకొచ్చింది,
పుండు మీద పక్కు లేచినట్టు,
లోపల ఇటుక ఎర్రగా.
వీరేశం దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

సరే, తూర్పు గదికి పోదామంటే
మేకులన్నీ తుప్పెక్కి
టేకు మీద నల్లగా కారినాయి,
కాటుక పెట్టుకుని ఏడ్చినట్టు.
ఒక మూల పట్టీ చివర చీలింది.
ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.
ఇద్దరూ నా వైపు చూశారు.

రంపప్పొట్టు జల్లించాను.
పిడికెడు సుద్ద, చిటికెడు గోపి,
వీరేశం డబ్బాలోంచి రెండు చెంచాల జిగురు.
కొబ్బరిచిప్పలో కలుపుతుంటే
టేకు రంగు రావడానికి గంట పట్టింది.
అందులో జిగురుందని చారికి తెలుసు.
అది మేకుబొక్కలకని వీరేశానికి తెలుసు.
చారి చిప్ప వంచి పట్టుకున్నాడు,
వీరేశం సెల్‌ఫోను దీపం చూపించాడు.

సాయంత్రం పాసింజరు పోయేటప్పుడు
తలుపు అంచున వేలు పెట్టి చూశాను.
వణుకు ఉంది, కొంచెం.
గుడ్డ తడిపాను.