లేబు తాళం నా దగ్గరే ఉంటది

అయ్యా, అమ్మా,
సభలో కూర్చునే మీ అందరికీ,
నా పేరు తామాడ గురువులు.
ఉద్యోగం మాత్రం అటెండరు.
పలాస డిగ్రీ కాలేజీ, కెమిస్ట్రీ లేబు,
ఇరవై మూడేళ్ళ సర్వీసు.

పేరుకి తగ్గ పని ఈ మధ్యే దొరికింది.
మేష్టారు బదిలీ మీద వెళ్ళి ఇది మూడో వేసవి,
ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు.
బల్ల మీద దుమ్ము నేనే తుడుస్తాను,
బ్యూరెట్టు నేనే కడుగుతాను,
"చుక్క చుక్కగా వదలండమ్మా" అని
పాఠమూ నేనే చెప్తున్నాను.
పదో తరగతి తప్పినవాణ్ణి.
ఇది గొప్ప చెప్పుకోవడం కాదు,
ఫిర్యాదు.

బ్యూరెట్లు పదకొండు.
నాలుగింటికి మూతి పగిలింది,
రెండింటికి బిరడా పోతే సైకిలు ట్యూబు ముక్క కట్టాను.
తుపానుకి ఎగిరిపోయిన రేకు చోట
నీలం పట్టా కప్పారు. ఎండ కాస్తే
తెల్లటి అవక్షేపం కూడా నీలంగా కనిపిస్తుంది.
పిల్లలు రికార్డులో అలాగే రాసేస్తున్నారు.

అదంతా సర్దుకున్నాం.
సర్దుకోలేనిది ఒకటుంది, అందుకే ఈ అర్జీ.

బమ్మిడి దమయంతి అని సెకండియర్ పిల్ల.
ఉద్దానం నుంచి వస్తుంది,
తొలి బస్సు తప్పితే ఆ పూటకి చదువు లేదు.
తల్లి జీడి కార్ఖానాలో పిక్కలు కొడుతుంది.
ఆవిడ వేలిముద్రల్ని జీడి సొన తినేసింది.
ఫీజు డబ్బులకి వేలు పెట్టమంటే
మిషను ఆవిణ్ణి మనిషిగా ఒప్పుకోలేదు,
నాలుగు సార్లు.
తండ్రికి వారానికి రెండు సార్లు రక్తం కడగాలి.
ఉద్దానంలో అది వింత కాదు, మీకూ తెలుసు,
ఓట్లకి వచ్చినప్పుడు ఆ మంచాల పక్కనే కూర్చున్నారు.

ఒకరోజు లేబు మూసే వేళకి
పాత కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు పట్టుకొచ్చింది.
"గురువులు మావా, మా నుయ్యి నీళ్ళు.
ఇందల ఏటున్నాదో సూడు."

చూశాను.
బఫరు పోసి, రంగు వేసి,
నేరేడు రసంలాంటి ఎరుపు నీలానికి తిరిగేదాకా
ఊపిరి బిగబట్టి వదిలాను.
కాఠిన్యం ఇంత, అన్నాను.
"అది కాదు మావా. ఇంకేటున్నాది?"

అక్కడ ఆగిపోయాను.
అంతకు మించి చూడ్డానికి
నా దగ్గర మందు లేదు, మిషను లేదు, చదువు లేదు.
ఆ ఊళ్ళకి ఎందరో వచ్చారు, సీసాలు నింపుకున్నారు,
కార్లెక్కి వెళ్ళిపోయారు.
మా నీళ్ళు వెళ్ళినంత దూరం
మా పిల్లలు చదువులకి వెళ్ళలేదు.

దమయంతికి ఎమ్మెస్సీ చదవాలనుంది.
ప్రైవేటు వాడిచ్చిన ఫీజు కాయితం చూపించింది,
మడత మీద మడత పెట్టి, తాయెత్తంత చేసి.

వచ్చే నెల మీ ముందుకి పద్దు వస్తుంది.
ఉన్నత విద్య అనే పేజీని
భోజనాల వేళ తొందరలో
బల్లలు చరిచి దాటించేస్తారని విన్నాను.
అక్కడ కాసేపు ఆగండి.
ఆ పక్కవాళ్ళూ ఈ పక్కవాళ్ళూ కూడా ఆగండి.
ఖాళీ కుర్చీలకి మనుషుల్ని అడగండి.
'గెస్టు' అని పిలిచి పది నెలలుగా జీతమివ్వని
ఆ కుర్రాళ్ళ సంగతి అడగండి.
ఇంటికొచ్చిన చుట్టానికైనా అన్నం పెడతాం కదా.
పిల్లలు తక్కువున్నారు, కాలేజీ ఎత్తేద్దాం అంటే
మేష్టారు లేని చోటికి పిల్లలెందుకొస్తారో అడగండి.

టైట్రేషన్‌లో ఒక సంగతుంది.
పంతొమ్మిది మిల్లీలీటర్లు పోసినా ఏమీ జరగదు.
మందు దండగైపోతోంది అనిపిస్తుంది.
అక్కడ ఆపేసినవాడికి
రంగు ఎప్పటికీ కనబడదు.

ఒకసారి రండి.
కొబ్బరికాయ తేవద్దు. శిలాఫలకాలు ఇప్పటికే రెండున్నాయి,
ఒకదాని మీద బీకర్లు ఆరబెడుతున్నాం.
దమయంతి సీసా నేను పారబోయలేదు.
పేరు, ఊరు, తేదీ రాసి అంటించి
బీరువాలో, యాసిడ్లకి దూరంగా పెట్టాను.
మీరొచ్చేది ఏ వేళైనా సరే,
లేబు తాళం నా దగ్గరే ఉంటది.