మూడో బెజ్జం

అర్ధరాత్రి పోయింది.
పోతూ పోతూ ఒక వాసన వదిలింది,
ఎండుచేపా కాదు, మాడిన బెల్లమూ కాదు,
రెండూ ఇనప్పెట్టెలో ఇరుక్కుంటే వచ్చేలాంటిది.
అప్పటికి పెరంబూరు పెళ్లిపత్రికలో
కృత్తివెంటి వారి ‘క’ కింద
వట్రుసుడి సరిచేస్తున్నాను.
సుడి సగం తిరిగింది. తెర ఆరింది.

పొద్దున్నే రిచీ స్ట్రీట్.
రాత్రి వాన గుంటల మీద అట్టలు పరిచారు.
ఎస్‌ఎంపీఎస్ కావాలి అన్నానో లేదో
నాలుగు గొంతులు నాలుగు అంకెలు కేకేశాయి,
నాలుగొందల యాభై, ఐదొందలు, ఆరొందల యాభై,
చివరివాడు ఏకంగా వెయ్యి.

మొదటి కొట్టు కుర్రాడు
రంగుల దీపాలున్న డబ్బా ముందుకు తోశాడు.
లోపల దాక్కునే వస్తువుకి దీపాలెందుకు తంబీ?
“గెత్తు అక్కా” అన్నాడు.

రెండో అంతస్తులో మలర్విళి.
ముక్కు చివర కళ్లద్దాలు, వేళ్ల మీద టంకం మచ్చలు,
సగం తమిళం, సగం నాకోసం తెలుగు.
నా చచ్చినదాన్ని బోర్లించి నాలుగు మరలు విప్పింది.
వేలెడు తీగచుట్ట,
ఉబ్బిన కెపాసిటర్లు రెండు,
మిగతాదంతా గాలి.
పైన మాత్రం ఐదువందల వాట్లని అచ్చు.

నేనూ అచ్చుపనిదాన్నే.
ఎంతమంది పేర్ల ముందు చిరంజీవి అని వేశానో.

“తూచి చూడు” అంది.
ఎడంచేతిలో పెట్టింది అటుకుల పొట్లం.
కుడిచేతిలో పెట్టింది రుబ్బురోలు పొత్రం.
రెంటి మీదా అదే అంకె.
ధరలో తేడా పద్దెనిమిది వందలు,
అంటే మూడు పత్రికలు, తప్పుల్లేకుండా.

పాడైపోయిన శుభలేఖ వెనక లెక్క వేసింది.
ప్రాసెసర్ అరవై ఐదు, గ్రాఫిక్స్ కార్డు నూట ఇరవై,
బోర్డుకి నలభై, డిస్కులకీ ఫ్యాన్లకీ ఇరవై అనుకో.
“ముగ్గురికి వండే ఇంట్లో
కళ్యాణమండపం గుండిగ పొయ్యెక్కిస్తే గ్యాసు దండగ.
అలాగని పాలగిన్నెలో సాంబారు కాచకు, పొంగుద్ది.
నాలుగొందల యాభై. బరువైంది.”

డబ్బా మీద కంచు అని ఒక ముద్ర.
వెండివీ బంగారానివీ కూడా ఉన్నాయిట.
కంచు చాలు.
బంగారం సంగతి పత్రికలు వేయించేవాళ్లు చూసుకుంటారు.

డబ్బు లెక్కపెడుతుంటే అడిగింది:
“ముట్టుకుంటే గిచ్చుద్దా?”

గిచ్చుతుంది. మూడేళ్లుగా.
చెప్పుల్లేకుండా తాకితే మోచేతి దాకా చీమల బారు.
మా మేనకోడలు వకుళ దానికి పేరు కూడా పెట్టింది, గండుచీమ.
కంప్యూటర్ల తీరే అంత అనుకున్నాం.

“అది పెట్టె తప్పు కాదు, గోడది.
మూడో బెజ్జం వెనక చూడు.”

మెయిన్ ఆపి చూశాను.
రెండు బెజ్జాలకి రెండు తీగలు.
మూడోది, పైది, అన్నిటికన్నా పెద్దది,
గోడలోకి ఊరికే నోరు తెరుచుకుని ఉంది,
కాస్త సున్నం పొడి, ఎండిన సాలీడు.
దానికీ కలిపే కట్టాను ఇన్నాళ్ల అద్దె.

“ఇంతకాలం నడిచింది కదమ్మా” అన్నారు ఓనరు గుణశేఖరన్.
నడిచింది సార్, ఇప్పుడు ఆగింది.
మూడు రోజుల వాదన, సగం ఖర్చు నాది.

మోటారు పక్కన గొయ్యి తవ్వారు.
ఇనప గొట్టం, ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు,
మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు.
పైనుంచి బిందెడు నీళ్లు పోయబోతే
ఆ కుర్రాడు ఆపాడు:
“మెడ్రాసు కదక్కా, కింద అదే ఊరుద్ది.”

కొత్తది బిగించాను.
సేవ్ చేయని పత్రిక
శ్రీరస్తు దగ్గర్నుంచి మళ్లీ కొట్టాను.

స్కూలు నుంచి వచ్చి వకుళ
చెప్పులు విప్పి పెట్టెను తాకింది.
ఇంకో వేలితో తాకింది. అరచేయి ఆనించింది.
తర్వాత నా వైపు చూసింది,
దాని వస్తువేదో
నేనే పారేసినట్టు.