మా ఊళ్ళో ఎనిమిది గంటలు

రేపు ఉదయం ఏడింటికి కటాకొలో రేవు, అంది
గోడలో దాక్కున్న గొంతు.
టోపీ మరవకండి, నీళ్ళ సీసా మరవకండి,
మూడు దాటితే ఓడ ఎవరి కోసమూ ఆగదు.
స్టాథిస్ మంచం మీద పొర్లి పొర్లి నవ్వాడు.
"నా టోపీ అక్కడే ఉంది అర్గిరో,
మనింట్లో, తలుపు వెనక మేకుకి."

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు నా మొగుడు
రేవు నుంచి ఒలింపియా రాళ్ళ దాకా,
రాళ్ళ నుంచి మళ్ళీ రేవు దాకా.
అదే రేవులో నేను ఆలివ్ సబ్బులమ్మాను.
ఓడొస్తే పండగ. రాకపోతే పస్తేం కాదు గానీ
పప్పులో నీళ్ళెక్కువ.
పని దిగిన రోజు తోటి డ్రైవర్లు చందాలేసుకుని
ఈ రెండు టికెట్లు చేతిలో పెట్టారు.
"ఇన్నాళ్ళూ ఎక్కించుకున్నావు, ఇక నువ్వెక్కు."

వాలెట్టాలో అందరూ కోట చూశారు,
ఈయన బస్సు టైర్లు చూశాడు.
నేపుల్స్ దగ్గర బూడిదలో పూడిన ఊళ్ళో
గైడు గొడుగు వెంట నేనొక్కదాన్నే తిరిగాను.
తను అత్తిచెట్టు నీడలో అక్కడి డ్రైవరుతో
టమాటా కోసుకు తింటూ డీజిల్ ధర మాట్లాడాడట.
ఒకరి భాష ఒకరికి రాదు.

మెస్సీనాలో ఒకావిడ
పోస్టుకార్డులు నా మొహానికి విసనకర్రలా విప్పింది.
ఆ నవ్వు నాకు తెలుసు.
మధ్యాహ్నానికి దవడ ఏ మూల నొప్పెడుతుందో కూడా తెలుసు.
బేరమాడకుండా పన్నెండు కొన్నాను.
వెర్రిబాగులది దొరికిందనుకుని ఉంటుంది.
నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఇక మా రేవు.
నా దుకాణం చోట నా మేనకోడలు ద్రోసూలా
"సబ్బులు మేడమ్, సబ్బులు" అని అందుకుని
నన్ను చూసి నాలిక్కరుచుకుంది.
"ఒకటెంతమ్మా?" అన్నాను కళ్ళజోడు సర్దుకుని.
"మీకైతే ఆరు యూరోలు."
దొంగపిల్ల. నేను నాలుగుకే ఇచ్చేదాన్ని.

అదే బస్సు. ఇప్పుడు థీమియోస్ నడుపుతున్నాడు.
ముందు సీటివ్వబోతే వద్దన్నాడు స్టాథిస్,
నాలుగో వరసలో కిటికీ పక్కన సర్దుకున్నాడు.
మాట లేదు. కుడికాలు మాత్రం
ప్రతి మలుపులోనూ నేలని తొక్కుతోంది.
పిర్గోస్ దాటాక నా మోచెయ్యి పట్టుకుని,
"ఆ నీలం కిటికీల ఇల్లు ఎప్పుడు కట్టారే?"
"మన పెళ్ళికి ముందే."
తెల్లగీత తప్ప ఇంకేమీ చూడలేదు పాపం,
ముప్పై ఒక్క ఏళ్ళు.

గేటు దాటి లోపలికి రావడం కూడా ఇదే మొదలు.
కూలిన స్తంభాలు తరిగిన ముల్లంగిలా పడున్నాయి.
పరుగు మొదలెట్టే రాతి గీత మీద
చెప్పులు విడిచి నిలబడ్డాడు.
ఎవరి పిల్లలో అరుచుకుంటూ అటూ ఇటూ ఉరుకుతున్నారు.
ఈయన ఉరకలేదు, వాచీ చూసుకున్నాడు.
"నలభై నిమిషాలు ఏ మూలకి?
ఎవడు చెప్పాడు వీళ్ళకి నలభై చాలని?"
తనే చెప్పేవాడు. బస్సు తలుపు దగ్గర నిలబడి,
నాలుగు వేళ్ళు పైకెత్తి, రోజూ.

తిరిగొచ్చాక ఇంకో గంట మిగిలింది.
మా ఇల్లు రేవుకి పది నిమిషాల నడక.
తాళంచెవి నా మెడలోనే ఉంది,
అయినా గేటు దగ్గరే ఆగిపోయాం, ఎందుకో.
జెరేనియం వాడిపోయింది.
పక్కింటి పిల్లి మమ్మల్ని ఎరగనట్టు నటించింది.

మా ఓడలోని డచ్చి ఆవిడ వెనకే వచ్చి కెమెరా ఎత్తింది.
"ఎంత ముద్దుగా ఉంది! ఎవరుంటారిక్కడ?"
స్టాథిస్ తనకొచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో
గైడులా గొంతు సవరించుకుని,
"ఒక బస్సు డ్రైవరు, వాళ్ళావిడ.
ఊళ్ళో లేరు."
కొంచెం పక్కకి జరగమంది. జరిగాం.

ఆవిడ వెళ్ళాక గేటు సందులోంచి చెయ్యి దూర్చి
సీసాలో నీళ్ళన్నీ కుండీలో ఒంపాను.
అప్పుడే ఓడ కూసింది.
ఇన్నేళ్ళూ ఆ కూతకే పొయ్యి వెలిగించేదాన్ని,
ఇక ఈయన వచ్చేస్తాడని.
చెయ్యి దానంతటదే సంచిలో అగ్గిపెట్టె కోసం వెతికింది.
పోస్టుకార్డులు తగిలాయి, పన్నెండూ.