పలకని గంట

మనామాల, గుదైబియా గల్లీల,
టైలర్ దుకాణానికీ రొట్టెల భట్టీకీ నడుమ
రెండు గజాల జాగల నా బల్ల.
ఒక భూతద్దం, ఒక వేడి సూది,
మూతలు పోయిన స్క్రూల డబ్బీలు పదకొండు.

దుమ్ముగాలి లేసిన మర్నాడు
ఒక పోరడు తండ్రి చెయ్యి పట్టుకొని వచ్చి
ఆట మిషన్ బల్ల మీద పెట్టిండు.
"దుముకుతలేదు" అన్నడు, అరబ్బీల.
దుమికేది వాడు కాదు, తెర మీది కప్ప.
బటన్ కింద ఇసుక.
ఈ దేశంల ఏ రోగానికైనా
ముందు ఇసుకనే అనుమానించాలె.

ఊదిన. బ్రష్షుతోని తుడిచిన.
బాగైందా లేదా తెల్వాలంటే ఆడాలె గద.
కోయా సేట్ చూస్తే తిడతడని
అన్నం డబ్బ సంచిల పెట్టుకొని రూముకు తెచ్చిన.

మూడో మెట్టుల ఒక గుహ.
గుహల వరుసగ ఏడు రాతిగంటలు.
కప్ప ఒక్కోదాని మీద దుమికితే ఒక్కో స్వరం.
ఎత్తుకెల్లి దుమికితే గట్టిగ,
అంచు మీద వాలితే సన్నగ,
పండుకున్న పిల్ల పక్కన మాట్లాడినట్టు.
మీదికెల్లి ఏలాడే తీగె పట్టుకొని ఊగితే
అది సుతం ఝుమ్మంటది.
అవుతల తలుపుంది. తలుపు దాటితే నాణేలు,
నాణేలు దాటితే ఇంకో గుహ.
నేను తలుపు దిక్కు పోలే.

స. రి. గ. మ.
ఐదోది మూగ.
ధ. ని.

స్పీకర్ పోయిందనుకున్న.
విప్పిన, టంకం పెట్టిన, మూసిన.
మూగ.
మల్ల విప్పిన.
తీగె పట్టి ఊగితే అదే స్వరం మంచిగనే వస్తుంది.
తెరకు ముక్కు ఆనిచ్చి చూస్తే అప్పుడు కనవడ్డది,
ఆ గంటకు వెంట్రుకంత పగులు.
పగిలింది కాదు, గీసింది.
ఎవడో కూసొని, కావాలని,
ఏడింటిల ఒకదాని గొంతు కోసిండు.

మా నాయిన హార్మోనియంకు గూడ ఐదోది పలకకపోతుండె.
ఎలుకలు తిన్నయి.
భాగోతం మేళం ఆ పెట్టెతోనే పన్నెండేండ్లు తిరిగింది,
మల్యాల, పెగడపల్లి, ధర్మపురికి అవుతలి ఒడ్డు.
బాగు చేయించరాదే అంటే
"నోరుంది గద" అనేటోడు.
పాట ఆడిదాక వచ్చినప్పుడల్లా
రాజు, బంట్రోతు, మీసం గొరిగిన రాణి
అందరు ఒక్కసారి "పా" అందురు.
జనం అది పాటల ఉన్నదే అనుకునేది.
నాకు పదేండ్లొచ్చేదాక
అన్ని హార్మోనియాలు గంతే అనుకున్న.

రూముల పన్నెండు మందిమి,
మీదోటి కిందోటి మంచాలు.
వాళ్లు వింటున్నరని నాకు తెల్వది.
స రి గ మ అని కప్ప దుమికి
ఐదో గంట మీద వాలంగనే
మీది మంచం మీదికెల్లి గంగారాజం,
క్రేన్ నడిపి నడిపి మెడ పట్టేసినోడు,
గోడ దిక్కు తిరిగి పండుకున్నోడు,
"పా" అన్నడు.

నేను ఆగలే. ధ. ని.
మల్ల మొదటికొచ్చిన.
ఈసారి ముగ్గురు.
నోట్ల పేస్టు నురగతోని తలుపుల నిలవడి బక్కయ్య.
సంగతేందో తెల్వకనే అందుకున్న తమిళపాయన.
నాలుగింటికి బస్సెక్కేటోడు బూతులు తిట్టిండు,
తిట్టి,
తర్వాతి వరుసకు అందరికంటే ముందు తనే అన్నడు.
తెర మీద టైమైపోయి కప్ప చచ్చింది.
మల్ల లేసింది.
దానికి చావు సుతం ఉత్తగనే.

బేస్తారం పోరడు వచ్చిండు.
ఆడి చూసుకో అన్న.
సర్రున దుమికించుకుంట పోయిండు,
మెతుకులు కింద పోసుకుంట తిన్నట్టు.
ఐదో గంట మీద కప్ప వాలింది.
నా నోరు నా మాట వినలే.

పోరడు తల లేపి చూసిండు.
మిషన్ను చెవికి ఆనిచ్చుకున్నడు. ఊపిండు.
వాళ్ల నాయిన రెండున్నర దినార్లు లెక్కపెట్టిచ్చి
కారు దిక్కు నడిచిండు.

నేను నీళ్లల్ల పడ్డ ఫోనొకటి విప్పుతున్న.
అద్దం మీద టక్కుమని సప్పుడు.
పోరడు ఉరికొచ్చి
మిషన్ను బయటికెల్లి అద్దానికి ఆనిచ్చి
కప్పను ఐదో గంట మీద నిలవెట్టి
నా మూతి దిక్కు చూస్తున్నడు.

గల్లాపెట్టె కాడికెల్లి కోయా సేట్ కూడా.