చివరి బండి

ఏడురోడ్ల కూడలిలో వేకువ నాలుగున్నర.
పన్నెండు బండ్లు, పన్నెండు పొగగొట్టాలు,
ఒకే రంగు టీషర్టుల మీద ఒకే కొండ బొమ్మ.
గురుగుబెల్లి లోకనాథం ఈల వేస్తాడు:
"ఎవుడూ ఎవుణ్ణీ దాటకండి.
టిఫిను పాలకొండలో, ఫొటోలు ఆడలి మీద,
ఒంటిగంటకల్లా కిందికి."
మనిషికి పదహారొందలు.
నా దగ్గర తీసుకోరు.
నేను పంచర్ల దాలినాయుణ్ణి,
నాది చివరి బండి.

చివరి బండంటే
సంచిలో రెండు ట్యూబులు, సొల్యూషన్ డబ్బా, గాలిపంపు,
చైను లింకులు, జారిపడ్డవాళ్లకి పసుపు పొట్లం.
ముందర పదకొండు ఎర్రదీపాలు,
వాటిలో ఒకటి వణికితే నా గుండె వణకాలి.
ఆమదాలవలసలో లెక్కపెడతాను,
బూర్జ దాటేక లెక్కపెడతాను,
సీతంపేట మలుపుల్లో పెదాలు కదుపుకుంటూ లెక్కపెడతాను.
ఆడలికి ఏడుసార్లు ఎక్కేను.
కొండ ఏ రంగని ఎవరైనా అడిగితే
ఎరుపనే చెబుతాను.

మొన్న శ్రావణంలో
షాపు షట్టరు సగం దించి
ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే పోయేను.
బూర్జ దగ్గర గేదెలు రోడ్డు దాటుతుంటే బండి ఆపి
అవి దాటేక కూడా అక్కడే నిలబడ్డాను.
వెనక ఎవరూ హారను కొట్టలేదు.
జీడితోట పక్కన ఇంజను కట్టేస్తే
చల్లారుతూ అది టిక్కు, టిక్కు మంది.
ఇరవై ఏళ్లుగా నా చేతుల్లో నానిన ఇంజను
పని ఆపేక ఏదో చెప్పుకుంటుందని
ఆ రోజే తెలిసింది.

పైన
ఉడుకన్నం గిన్నె మీద మూత తీసినట్టు లోయ.
ఆవిరి చెదిరేకొద్దీ పోడు చేలు,
కంది ఒక ముక్క, కొర్ర ఒక ముక్క,
పాత ట్యూబుకి వేసిన అతుకుల్లాగ.
"ఓలమ్మో, సూసేవేటి!" అన్నాను.
పక్కన ఎవరూ లేరు.
ఆ మాట కొంతదూరం పోయి
వినేవాడు దొరక్క
మళ్లీ నా దగ్గరికే వచ్చి నిలబడింది.

కొండచీపుర్ల మోపుతో దిగుతున్న సవర ముసలమ్మ
ఆగి అడిగింది:
"ఎవులితోటి మాటాడతన్నావు బాబూ?"
"కొండతో" అని అబద్ధమాడేను.
"అది ఇంటాది గానీ పలకదు"
అని నవ్వుకుంటూ దిగిపోయింది.

తిరుగు దారిలో వెనక టైరు కూర్చుంది.
ఊరందరి పంచర్లూ వేసేవాణ్ణి,
ఒక్కణ్ణే కదాని
సంచి షాపులోనే వదిలేసేను.
నాలుగు కిలోమీటర్లు తోసుకుంటూ దిగేను.
మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి చూసేను.
నా వెనక చివరి బండి లేదు.

టీకొట్టు చిగిలిపల్లి రాజారత్నం ఇది విని
గ్లాసు కడుగుతూ తీర్పు చెప్పేడు:
"గుంపుతో ఎల్తే డబ్బు దండగ,
ఒక్కడివీ ఎల్తే మనిషి దండగ.
ఇంటికాడ పడుండు."

కార్తీకంలో ఫోను మోగింది:
ఆదివారం ఆడలి, వచ్చేవాళ్లు చెప్పండి.
వస్తాను, అన్నాను,
గానీ మీకంటే గంట ముందు బయల్దేరతాను.
"మరి తోక ఎవుడురా?" అన్నాడు లోకనాథం.
నాకు జవాబు తట్టలేదు.

ఇదిగో, ఇప్పుడు పైన ఉన్నాను.
ఈసారి సంచి మరిచిపోలేదు.
చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి,
లోయ మీద మూత ఇంకా తీయలేదు.
కింద, మంచులో, మలుపు తిరిగి
ఒక దీపం. తెల్లది.
దాని వెనక ఇంకోటి.
ఏడుసార్లూ వీళ్ల వీపులే చూసేను,
కొండకి వీళ్లు ఇలా కనబడతారా!

పెదాలు వాటంతటవే కదిలేయి.
ఎనిమిది, తొమ్మిది, పది.
మలుపు ఖాళీ.
ఇంకాసేపు చూసేను.
మలుపు ఖాళీయే.

సరిగ్గా అప్పుడే
గిన్నె అంచున ఆవిరి కదిలింది.
ఒక్క క్షణం, ఒక్కటే, అటు చూసి
సంచి భుజానికి తగిలించి కిక్కు కొట్టేను.
"ఉండు, ఓ మనిషిని తెస్తాను" అన్నాను
కొండతో.

అది పలకలేదు.