ఉప్పు చేతులు

ఇవాళ శీలదినం.
కోడి కూయకముందే తెల్ల జాకెట్టు తొడుక్కున్నాను,
నిమ్మచెక్కతో మూడుసార్లు చేతులు రుద్దుకున్నాను.
అయినా పడవ దిగేసరికి
చేపల వాసన నాకంటే ముందే
విహారం మెట్లెక్కి కూర్చుంది.

తొన్లే సాప్ మీద గుంజలెత్తి నిలబడ్డ ఊరు మాది.
వానలు ముదిరితే మా నది
వచ్చిన దారినే వెనక్కి పారుతుంది.
మా ఇంటి గుంజ మీద ఏ యేటి నీటి గీత ఆ యేటిదే,
ఒకదానికొకటి ఎన్నడూ సరిపోలవు.
అనిత్యం అన్న మాట భంతే నోట మొదటిసారి విన్నప్పుడు
నాకేం వింత తోచలేదు.
ఆ గుంజ కళ్ళముందు కదిలింది, అంతే.

నాది అంటూ ఏదీ లేదని కూడా చెబుతాడాయన.
తల ఊపుతాను.
అప్పు తప్ప, అనుకుంటాను లోపల.

ఆ తర్వాత పంచశీలాలు.
"పాణాతిపాతా..." అని ఆయన అందుకోగానే
నా గొంతు సన్నబడుతుంది.
ప్రాణం తీయను అనాలి నేను,
నిన్న పొద్దుగూకేదాకా
నలభై బుట్టల చిట్టిచేపల తలలు తుంచినదాన్ని,
కాళ్ళతో తొక్కి, ఉప్పు చల్లి, జాడీల్లో కుక్కినదాన్ని,
రేపు మళ్ళీ అదే పనికి లేవబోయేదాన్ని.
నా వెనక యాయ్ సరోం మాత్రం
ఒక్క అక్షరం మింగకుండా ఖంగున పలుకుతుంది.
ఆమెకి పళ్ళూ లేవు, వలలూ లేవు.

కిందటేడు వర్షావాసం ముగిసిన రోజు
ఉండబట్టలేక అడిగేశాను:
"భంతే, అబద్ధమాడను అన్నది నాలుగో శీలం కదా,
మొదటిది పలుకుతూనే నేను నాలుగోది తప్పుతున్నాను."
ఆయన నవ్వలేదు.
ఆయనా ఒకప్పుడు వల లాగినవాడే,
బొటనవేలి సందున తాడు కోసిన మచ్చ ఇంకా మానలేదు.
చాలాసేపు ఆ మచ్చనే చూసుకుని
"ఇవాళ ఏ చేపనైనా ముట్టావా?" అన్నాడు.
లేదన్నాను.
"అయితే ఇవాళ్టికి నిజమే" అని
గిన్నె కడుక్కోడానికి లేచిపోయాడు.

నాకది చాలలేదు.
ఇంటికెళ్ళి రిథ్ మీద, పొయ్యి మీద, పిల్లి మీద విసుక్కున్నాను.
నాలుగు మాటల సూత్రం ఏదో చెబుతాడనుకున్నాను,
జాడీ మీద మూతలా బిగించుకునేది.

కానీ ఆ చలికాలం, చేపలు దండిగా దిగే పున్నమిలో,
ఇంకో బుట్ట, ఇంకొక్క బుట్ట అని
నా ఒళ్ళంతా చేతులై పని చేస్తున్న రాత్రి
మా మలిస్ లాంతరు పట్టుకుని నిలబడే నిద్రపోయింది.
దీపం వాలి బుట్టలోకి వెలుగు పడింది.
ఒక చేప ఇంకా దవడ ఆడిస్తోంది,
గాలిలో నీళ్ళు వెతుక్కుంటూ.
చూస్తే నా నోరూ తెరిచే ఉంది,
అదే ఎగశ్వాసతో.
తృష్ణ అంటే ఇదా అని
అడగడానికి అక్కడ భంతే లేడు.
చాప పరిచి పిల్లని పడుకోబెట్టాను.
ఆ పూటకి కత్తి కడిగేశాను.
మిగిలిన బుట్టలు తెల్లారేసరికి కొంత పాడయ్యాయి,
సావుకారు ధర కోశాడు,
రిథ్ రెండు రోజులు మాట్లాడలేదు.

నేను మారిపోయానని చెప్పను.
అప్పు వాయిదా ఆదివారం ఉంది.
చేప చల్లబడేదాకా మాత్రం ఆగుతున్నాను ఇప్పుడు,
సన్నకళ్ళ వల అటక మీద పెట్టాను.
నెలకి నాలుగు రోజులు
నా చేతులకి ఎవరూ భయపడని రోజులు.
ఆ నాలుగూ లేకపోతే
మిగతా రోజుల బరువెంతో నాకు తెలిసేది కాదు.

ఇదిగో, మైత్రి పాఠం మొదలైంది.
సకల ప్రాణులూ సుఖంగా ఉండాలట.
నేల పలకల సందుల్లోంచి కిందికి చూస్తే
పచ్చటి నీళ్ళలో చిన్నచిన్న వీపులు
మెతుకుల కోసం గుమిగూడుతున్నాయి.
ఈసారి గొంతు తగ్గించలేదు.
వాటికి వినపడాలని పలికాను.
రేపటి సంగతి వాటికీ తెలుసు, నాకూ తెలుసు.