పెన్సిలు రాత

తోతాపురి కాలంలో ఏకాంబరం వస్తే
ముందు వాసన వచ్చేది, తర్వాత మనిషి.
మురకంబట్టు అవతల గుజ్జు ఫ్యాక్టరీలో
పగలంతా టెంకలు తోసి తోసి
ఏడు గంటలకు సైకిలు మా రిహార్సలు గది గోడకు ఆనించి
గోళ్ళ సందుల్లోని పసుపు లుంగీకి తుడుచుకొని
నోటుబుక్కు తెరిచేవాడు.

ముప్పై ఒక్క ఏండ్లు.
మా సంఘం కరపత్రాల్లో హార్మోనియం పేరుంది, లైటింగు పేరుంది,
టీ పోసిన హోటలుకు కూడా కృతజ్ఞతలున్నాయి.
ఆయన పేరు ఒక్కసారే పడింది,
'ఏకంబరం' అని, దీర్ఘం లేకుండా.
"పోనీలే అబ్బా, దీర్ఘాలు తీసేది మీరు గదా" అని నవ్వినాడు.

సైడు వింగు చాటున ఆయన స్టూలు.
ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క.
మోకాలికి చుట్టుకున్న తెర తాడు,
చెంబులో మిరియాల కషాయం,
టార్చి మూతికి ఎర్ర గాజుకాగితం.
పెదాలు కదిలేవి, గాలికన్నా రవ్వంత జాస్తిగా.
మూడో వరసలో ఎవరికైనా వినపడిందని తెలిస్తే
ఆ రాత్రి అన్నం ముట్టేవాడు కాదు.

మాట అందించడం ఏం విద్య, అనుకునేవాణ్ణి.
చదువొచ్చిన ఎవడైనా చేస్తాడు గదా.
నాకప్పుడు పంతొమ్మిది, గ్రీమ్స్‌పేట కుర్రోణ్ణి, తమ్ముడి వేషం.
గంగజాతరకు ముందు వారం, కిక్కిరిసిన హాలు.
చెంగల్రాయుడన్న కొడుకు శవం ముందర ఆగిపోయినాడు.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
చెప్పు చెప్పు, అని నేను సైగ చేస్తా ఉండాను.
ఏకాంబరం పేజీ మీద వేలు పెట్టుకొని
రాయి మాదిరి కూర్చున్నాడు.
జనంలో ఎవరో ముక్కు చీదినారు.
అప్పుడు పలికినాడు చెంగల్రాయుడన్న.

తెర మడత పెడతా చెప్పినాడు నాకు,
"మరిచిపోయినోడి కండ్లు పైకి పోతాయి.
ఆగినోడి కండ్లు కిందికుంటాయి.
ఇది తెలిసేదానికి పన్నెండేండ్లు పట్టింది.
అంతలోపల ఎంతమంది మౌనాలు చెడగొట్టినానో."

మొన్న కార్తీకంలో పోయినాడు.
ఫ్యాక్టరీ వాళ్ళు పక్కకొచ్చి అడిగినారు,
"ఏం వేషం కట్టేవాడప్పా మా ఏకాంబరం?"
మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
మాట దొరకలేదు.
అందించేవాడు పాడె మీద ఉండాడు.

కన్నెమ్మక్క రేషను సంచిలో పదకొండు నోటుబుక్కులు తెచ్చింది.
"తూకానికేస్తే మీరు తిట్టుకుంటారని ఉంచినా."

మార్జిన్లలో పెన్సిలు.
'దొరస్వామికి ఈడ దగ్గొస్తుంది. తొందరపడొద్దు.'
'రాగం మరీ సాగితే తెర తాడు కదిలించు, అర్థం చేసుకుంటాడు.'
'ఈ మాట కాడ సరోజమ్మ తన బిడ్డను తలుచుకుంటుంది. వదిలేయ్.'
'కరెంటు పోతే చప్పట్లు నువ్వే మొదలుపెట్టు.'

నా పేజీ కోసం వెతికినాను, సిగ్గు లేకుండా.
ఏడో నోటుబుక్కులో, నా పెద్ద డైలాగు పక్కన,
'మునిరత్నం మరవడు. బెదురుతాడు.
మాట ఇవ్వొద్దు. వాడికి కనపడేటట్టు కూర్చో.'

అందుకేనా, నా ఘట్టం వచ్చినప్పుడల్లా
ఆ స్టూలు వింగులోనుంచి జానెడు బయటికి ఉండేది!
పొట్టి కాలు జారిందనుకున్నా
ఇన్నేండ్లూ.

ఇప్పుడు దాని మీద నేను.
అట్టముక్క మార్చినాం, అయినా ఊగుతుంది.
కషాయం నాకు పడదు, సోడా తెచ్చుకుంటా.
ఈ సందకాడ రిహార్సల్లో
కొత్త పిల్ల షాహీన ఆఖరి మాట ముందు ఆగింది.
కండ్లు పైకి పోలేదు, కిందికీ పోలేదు.
నా వైపే ఉండాయి.

నాలిక చివర మొదటి అక్షరం
సిద్ధంగానే ఉంది.
పేజీ మీద వేలు పెట్టుకొని
స్టూలు రవ్వంత ముందుకు జరిపినాను.